అడక్కుండా పోసిన నీళ్ళు

మొన్న మా అమ్మాయి నర్సరీ నుంచి ఓ చిన్న మొక్క తెచ్చింది. అరచేతిలో పట్టేంత పింగాణీ గిన్నె, అందులో దళసరి ఆకులు వలయంగా పేర్చినట్టున్న మొక్క. ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు. బాల్కనీలో పెట్టి మురిసిపోయింది. కొన్నాళ్ళకే కింది ఆకులు నీరుపట్టి, రంగు మారి, ముట్టుకుంటే ఊడి రావడం మొదలెట్టాయి. "నీళ్ళు చాలట్లేదేమోనమ్మా" అంటూ చెంబు పట్టుకొచ్చింది. నేను కుర్చీలోంచి లేచి, గిన్నెలో వేలు గుచ్చి చూసి, "ఎవరు పోశారు దీనికి నీళ్ళు?" అన్నాను. పనిమనిషి వంటింట్లోంచి "నేను కాదమ్మా!" అని అరిచింది. మా అల్లుడు పేపరు దించి నావంక చూశాడు.

నాకే ఆశ్చర్యమేసింది. ఆ గొంతు నాది కాదు. ఎప్పుడో పోయిన మా పెద్దత్తగారిది.

ఆవిడ మా మామగారి అన్నగారి భార్య. బెజవాడ వన్ టౌన్‌లో మాది నూలు వ్యాపారం చేసే ఇల్లు. వీధి వైపు కొట్టు, వెనక మేము, పైన డాబా. ఆ డాబా పెద్దమామగారు బతికుండగా కట్టించారు. కట్టించిన కొన్నాళ్ళకే, పిల్లలు కలక్కముందే పోయారు. పెద్దత్తగారి పుట్టిల్లు పల్నాడు. పక్కనుంచే కృష్ణ పారుతున్నా తాగే నీళ్ళకోసం ఎండలో నడవాల్సిన రాళ్ళనేల. భర్త పోయాక ఆవిడ ఆ రాళ్ళనేలకు తిరిగిపోకుండా మా ఇంట్లోనే ఉండిపోయింది. తనది అని చెప్పుకోవడానికి మిగిలింది డాబా ఒక్కటే. అక్కడ మొక్కలు పెంచుకునేది.

మొక్కలంటే మల్లెలూ కనకాంబరాలూ అనుకునేరు. కిరసనాయిలు డబ్బాల్లో, పగిలిన కుండల్లో కలబంద, రణపాల, నల్లేరు, రకరకాల జెముళ్ళు. అన్నీ పల్నాడు నుంచి ముక్కలుగా కోసి కొంగున కట్టుకొచ్చినవే. ఇంటికొచ్చినవాళ్ళు "ముళ్ళమొక్కలు ఇంట్లో పెంచుతారేంటండీ" అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. "మనుషులకంటే నయమేలే. ముల్లు పైకే కనపడతది" అనేది. ఎవరి మొహం చూసి అనేదో ఆ మొహానికి కోపం వచ్చేది.

ఆవిడ చూపుడువేలి గోరు కింద ఎప్పుడూ మన్నుండేది. పొద్దున్నే డాబా ఎక్కి ఒక్కో డబ్బాలోనూ ఆ వేలు రెండో కణుపు దాకా గుచ్చి, పైకి తీసి, బొటనవేలితో నలిపి, వాసన చూసేది. ఆ తర్వాత తలెత్తి చూసేది మొక్కని కాదు, మనల్ని. పాలమనిషి వచ్చినా అంతే. పాలల్లో వేలు ముంచి గోటి మీద చుక్క నిలబెట్టి, చుక్క సంగతి వదిలేసి పాలమనిషి కళ్ళల్లోకి చూసేది. అతను నిజంగా నీళ్ళు కలపని రోజున కూడా తడబడేవాడు.

ఈ అనుమానం వల్ల మా ఇంటికి లాభం లేకపోలేదు. అవి యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనంగా ఉండేది. దొరికినదాన్ని కూడా తూకం పెరగాలని తడిపి అమ్మే ఘనులుండేవాళ్ళు. పైకి పొడిగా కనిపించే మూట రాగానే మా మామగారు, "వదినని ఒక్కసారి రమ్మను" అని లోపలికి కబురు చేసేవారు. ఆవిడ కొట్లోకి వచ్చి, మూట నడుమకి చెయ్యి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, "లోపల ఏడుస్తంది" అనేది. తడిగా ఉందని ఎప్పుడూ అనేది కాదు, ఏడుస్తోందనేది. మూట వెనక్కి పోయేది. నాకు తెలిసి మా మామగారు ఆవిడ మాటకి అడ్డు చెప్పింది లేదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన రోజున పెద్దత్తగారు నన్నడిగిన మొదటి మాట, "మీదే ఊరు?" మాది దివిసీమలో ఒక పల్లె. కాలువ వదిలితే నీళ్ళు పెరట్లోకి వచ్చి కూర్చునే ఊరు. చెప్పాను.

"అయితే నీ చేతికి చెంబివ్వకూడదు" అంది.

పెళ్ళికూతురితో అనవలసిన మాటేనా అది? నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. మా వైపు వాళ్ళకి చెంబులో నీళ్ళు మిగిలితే పారబొయ్యడం చేతకాదు. ఏ మొక్క కనిపిస్తే దాని మొదట్లో పోస్తాం. బియ్యం కడిగిన నీళ్ళు, కూర కడిగిన నీళ్ళు, చేతులు కడిగిన నీళ్ళు, అన్నీ మొక్కలకే. పొడిమన్ను కనిపిస్తే ప్రాణం కొట్టుకుంటుంది. పొద్దున్నే తులసమ్మకి నీళ్ళు పొయ్యడానికి నేను వెళితే ఆవిడ నా వెనకే వచ్చి, "పోసి అట్నుంచటే రా. పైకెక్కబాక" అనేది. చెంబు ఖాళీ అయిందో లేదో వంగి చూసేది.

కొన్నాళ్ళకి, నావల్ల ప్రమాదం లేదని తోచిందో, తెలిసుంటే జాగ్రత్తగా ఉంటాననుకుందో, డాబా మీదకి తీసుకెళ్ళి చెప్పింది. కలబంద ఆకు నా వేళ్ళ మధ్య పెట్టి నొక్కమంది.

"నిండుగా ఉందా? కడుపు నిండినట్టే. పొయ్యబాక. ఆకు పలచబడి అంచులు లోపలికి ముడుచుకుంటయ్యి చూడు, అప్పుడది అడిగినట్టు. అడిగినాక పొయ్యి. పోస్తే డబ్బా అడుగు చిల్లులోంచి కారిందాకా పొయ్యి. మళ్ళా అట్టడుగు దాకా మన్నెండిందాకా ఆ వంక చూడమాక."

డబ్బాల్లో మన్ను తక్కువ, కృష్ణ ఇసక, ఇటుక ముక్కలు ఎక్కువ. నీరు నిలవకూడదు. వానలు పట్టాయంటే అన్నిటినీ గోడవారకి జరిపి పైన తాటాకు తడిక కప్పేది. ఊళ్ళో అందరూ వానొస్తే మొక్కల్ని వానలోకి తోస్తారు, ఆవిడ వానలోంచి తీసుకొచ్చేది. 

"అడక్కుండా పోస్తే ఏమవుతుంది పెద్దత్తయ్యా?" అన్నాను.

"చస్తది. ముందు నవనవలాడతది, చూసినవాళ్ళు అబ్బ ఎంత బాగుందో అంటారు. మొదలు కుళ్ళిన సంగతి తర్వాత తెలుస్తది." ఆ తర్వాత నా మొహంలోకి చూసి, "మనుషులైనా అంతేనే. అడక్కుండా పెట్టేదాని వెనక ఏదో ఉంటది" అంది.

ఆ మాట ఆవిడకి వేదం. మా అత్తగారు విస్తట్లో ఇంకో గరిటె పెరుగు వేస్తే పెరుగు వంక కాదు, మా అత్తగారి వంక చూసేది. పండక్కి మామగారు అందరితోపాటు ఆవిడకీ చీర తెస్తే మడత విప్పకుండా రెండు రోజులు పక్కన పెట్టేది. ఏం అడగబోతున్నారో తెలియాలిగా మరి! ఎవరూ ఏమీ అడక్కపోతే ఇంకా కంగారు పడేది. మా అత్తగారు పాపం మంచి మనిషి. "మా అక్కకి బెల్లం పెట్టినా చేదేమోనని నాలిక కొసతో చూస్తుంది" అని నాతో అని నవ్వేది.

ఆ యేడు వానలకి మురుగు పొంగి కింద గదుల్లోకి చెమ్మ ఎక్కింది. నూలు బూజు పట్టింది. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు భోజనాల దగ్గర మా మామగారు, "డాబా మీద ఒక గది వేస్తే బాగుంటుంది" అన్నారు. 

పెద్దత్తగారు కలుపుతున్న ముద్ద ఆపింది. "నా మొక్కలు?"

"చూద్దాం లెండి వదినా."

అంతే అన్నారు. నూలుకోసమని ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందరం నూలుకోసమే అనుకున్నాం. పెద్దత్తగారు దానికింకో నాలుగు మెట్లు కట్టుకుంది. గది వస్తే డాబా పోతుంది. డాబా పోతే తను మెట్ల కింద మూలకి పోతుంది. అక్కణ్ణించి పల్నాట్లో తమ్ముడి పంచకి పోతుంది. ఒకసారి పంపించాక మళ్ళీ ఎవరూ తీసుకురారు. ఈ మాటలు ఆవిడ నాతో ఒక్కసారి కాదు, బియ్యం ఏరుతున్నప్పుడల్లా చెప్పేది. "మొక్కలు ఉన్నన్నాళ్ళే నేనిక్కడ" అనేది. 

చలి వెళ్ళి ఎండలు మొదలయ్యే వేళకి కలబంద మొదట్లో రంగు మారింది. లేత గోధుమరంగు, నొక్కితే జిగట, ముక్కు దగ్గర పెట్టుకోలేని వాసన. ఆవిడ వేలు గుచ్చింది. తడి. పక్క డబ్బాలో గుచ్చింది. అక్కడా తడే. తను నీళ్ళు పోసి ఎన్నో రోజులైంది. 

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరి చెయ్యీ శుభ్రమైంది కాదు. ముందు నన్ను అనుమానించింది. చెంబు పట్టుకుని నేనెటు కదిలినా ఆవిడ కళ్ళు నా వెనకే. తర్వాత పనిమనిషి, ఆ తర్వాత మా అత్తగారు. ఎవరినీ మొహం మీద అడగలేదు. డబ్బాల చుట్టూ నేల మీద ముగ్గుపిండి దట్టంగా చల్లించింది. అడుగులు పడితే తెలిసిపోతుందని. 

మర్నాడు పొద్దున పిండి మీద పిచ్చుకల కాలిగుర్తులు తప్ప ఏమీ లేవు. డబ్బాల్లో మాత్రం కొత్త తడి. 

"ఎగిరొచ్చి పోశారా?" అంటూ ఆవిడ కిందికి దిగి మా ఆడవాళ్ళందరి పాదాల వంక చూసింది. మా అత్తగారికి ఓపిక నశించింది. చీర కుచ్చెళ్ళు పట్టుకుని అరికాలు ఎత్తి చూపించింది. "చూసుకో అక్కా, పిండి అంటిందేమో! నీ జెముళ్ళు చస్తే నాకేం ఒరుగుతుంది?"

"డాబా" అంది పెద్దత్తగారు.

ఆ ఒక్క మాటతో మా అత్తగారు పడ్డ బాధ నేను చూశాను. చూసినా, నాకూ అనుమానం పట్టుకుంది. ఇంత మెత్తగా మాట్లాడే మనిషి పనే ఎందుకు కాకూడదు? కాదూ, గొడవ పెట్టడానికి పెద్దత్తగారే పోసుకుని మనమీద పెడుతోందా? అన్నం వడ్డిస్తున్నప్పుడు కూడా ఒకరి చేతులొకరం చూసుకునేవాళ్ళం. ఆవిడ చూపు మా అందరికీ అంటింది, అసహ్యంగా ఉండేది ఆ ఇల్లు.

ఇంతలో విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయన్న కబురొచ్చింది. తర్వాత బెజవాడేనని, రైలు వంతెన ఉంది కాబట్టి తప్పదని ఊరంతా ఒకటే గోల. వన్ టౌన్ సందుల్లో సామాన్ల బళ్ళు. మా మామగారు నన్నూ మా అత్తగారినీ దివిసీమకి మా పుట్టింటికి పంపడానికి నిశ్చయించి, "వదినా, మీరు కూడా కొన్నాళ్ళు మీ తమ్ముడి దగ్గర ఉండండి. పల్నాట్లో బాంబు వెయ్యడానికి ఏముంది, రాళ్ళు తప్ప" అన్నారు.

"అందుకేగా అక్కడికి తోలుతున్నావు" అంది ఆవిడ. "బాంబు పడితే నా మీద పడనీ. నేను కదల్ను."

ప్రయాణం దగ్గర పడుతోంది కదా, అమ్మకి తీసుకెళ్దామని నేను వడియాలు పెట్టాలనుకున్నాను. తెలతెలవారుతుండగా పిండిగిన్నె పట్టుకుని డాబా ఎక్కుతుంటే పెద్దత్తగారు వెంటే వచ్చింది. నన్ను ఒంటరిగా పైకి పంపుతుందా?

మెట్ల మీదే ఇద్దరం ఆగిపోయాం. డాబా తూర్పు వైపున మా మామగారు తడిగుడ్డతో నిలబడి ఉన్నారు. ఆయన జంధ్యం వేసుకున్న మనిషి. సూర్యుడికి అర్ఘ్యం విడవనిదే గొంతులో చుక్క పోసుకోరు. దోసిలితో విడిచిన నీళ్ళు నేలమీద పడి ఎవరి కాళ్ళ కిందా నలగకూడదని ముందు ఒక ఇత్తడి పళ్ళెం పెట్టుకున్నారు. మంత్రం అయ్యాక పళ్ళెం రెండు చేతులా ఎత్తుకుని డబ్బాల దగ్గరికి వచ్చారు. ముగ్గుపిండి అంచున ఆగి, నడుం వంచి, చేతులు బారుగా చాపి, ఒక డబ్బాలో కొంత, ఇంకోదాంట్లో కొంత, భక్తిగా పోశారు.

"మరిదీ!" 

పళ్ళెం ఆయన చేతిలోంచి జారి ఖంగుమంది. 

"ఎన్నాళ్ళ నుంచి ఈ పని?" 

"అర్ఘ్యం నీళ్ళు వదినా" అన్నారాయన, ఏం తప్పు చేశారో తెలియనట్టు. "తొక్కుడులో పడకూడదు కదా, మొక్క మొదట్లో పోస్తున్నాను. ఎండకి మాడిపోతున్నాయి పాపం. మీరేమో పొయ్యరు."

"మరి ముగ్గు?"

"ముగ్గు తొక్కుతానా వదినా? దూరంనుంచే పోశాను."

నాకు నవ్వు వచ్చేసింది. దొంగని పట్టడానికి ముగ్గుపిండి చల్లితే, ముగ్గుని గౌరవించే మనిషే దొంగయ్యాడు! నవ్వు పెదాల దాకా వచ్చి పెద్దత్తగారి మొహం చూసి ఆగిపోయింది. 

"ఇన్నేళ్ళూ కింద తులసికోటలో పోసేవాడివి. ఇప్పుడు పైకెందుకొచ్చినట్టు?"

"వాకిలంతా నూలు మూటలు పేర్చాం కదా, కింద సూర్యుడు కనిపించడు."

"మూటలు చలికాలం మొదట్లోనే వచ్చినయ్యి. నా మొక్కలు కుళ్ళింది నువ్వు గది మాటెత్తినాక."

ఆయన ఏమీ అనలేదు. పళ్ళెం తీసుకుని, మా పక్కనుంచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. పట్టుబడ్డవాడు మాట్లాడక పోవడమూ, నొచ్చుకున్నవాడు మాట్లాడక పోవడమూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయని నాకప్పుడు తెలిసింది. ఆయన మొహం ఎంత వెతికినా నాకు తేల్లేదు. పొయ్యవలసిన చోటు లేక పోశారా? జాలిపడి పోశారా? చస్తాయని తెలిసి పోశారా? దేవుడి నీళ్ళు పోస్తే ఎవరు కాదనగలరు?

పెద్దత్తగారు కూడా దెబ్బలాడలేదు. ఆ సాయంత్రమే, "నేను పల్నాడు పోతా" అంది. మామగారు నమ్మలేక, "భయం తగ్గగానే నేనే వచ్చి తీసుకొస్తాను వదినా" అన్నారు. 

"రావు" అంది ఆవిడ, కోపం లేకుండా. 

వెళ్ళేముందు బతికున్న మొక్కలన్నీ పెకలించింది. కుళ్ళినంత మేరా తెల్లటి కండ కనిపించేదాకా కోసి, కోసినచోట బూడిద అద్దింది. వేళ్ళు పైకీ ఆకులు కిందికీ ఉండేలా తాళ్ళు కట్టి, నా చేత మెట్ల మీది దూలానికి వేలాడదీయించింది. గుమ్మానికి దిష్టికి కలబంద కట్టడం అందరం చూసిందే గానీ, తోటంతా తలకిందులుగా వేలాడ్డం నేనెన్నడూ చూడలేదు.

"మన్నూ నీళ్ళూ లేకుండా ఎట్లా బతుకుతాయి అక్కా?" అంది మా అత్తగారు, నిజంగానే జాలిపడి. 

"ఇచ్చేవాళ్ళు లేకపోతేనే బతుకుతయ్యి" అని మూట చంకన పెట్టుకుని బండెక్కింది. వెనక్కి చూడలేదు.

ఊరు సద్దుమణిగాక మేం దివిసీమ నుంచి తిరిగొచ్చాం. వీధి మలుపు తిరగ్గానే పైకి చూశాను. డాబా మీద గది లేచి ఉంది. సున్నం ఇంకా పచ్చిగా మెరుస్తోంది. అయితే ఆవిడ చెప్పినదంతా నిజమే. మేమెవరం లేని అదను చూసి కట్టించేశారు. మా అత్తగారికి కూడా తెలియదు. ఆ పూట నేను మామగారి ఎదట పడకుండా తిరిగాను. 

మర్నాడు ఆయనే నన్ను పిలిచి, "పల్నాడు వెళ్ళాలమ్మా. నువ్వు కూడా రా. నేనొక్కణ్ణే వెళితే రాదు" అన్నారు. బయల్దేరేముందు ఒకసారి పైకెళ్ళి గది చూసి రమ్మన్నారు. వెళ్ళి చూసొచ్చాను. ఖాళీగా ఉంది.

రైలు దిగి, బండెక్కి మేం వెళ్ళేసరికి పెద్దత్తగారు తమ్ముడి ఇంటి అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. బాగా చిక్కిపోయింది. మమ్మల్ని చూసి లేవలేదు. 

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు వదినా. మిమ్మల్ని తీసుకెళ్దామని వచ్చాను."

"ఏం కావాలి?"

"ఏమీ వద్దు. డాబా మీద గది వేయించాను. మీకోసం."

చేట ఆగింది. "నాకోసమా? నన్నడిగావా?"

ఆయన అరుగు అంచున కూర్చున్నారు. "ముందు నూలుకే అనుకున్నాను వదినా, అబద్ధమెందుకు. ఆ రోజు మీరన్న మాట తర్వాత అందులో నూలు పెట్టబుద్ధి కాలేదు. అడిగితే వద్దంటారని అడగలేదు. సూర్యుడి మీద ఒట్టు, మొక్కలకి మాత్రం బతుకుతాయనే పోశాను." ఆయన అరుగు మీంచి లేచి నిలబడ్డారు. "ఇప్పుడు అడుగుతున్నాను. ఇంటికి రండి."

ఆవిడ చేట పక్కన పెట్టింది. నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి, వంటింటి చీకట్లోకి తీసుకెళ్ళింది. ఆ చేతి బిగువుకి నాకు భయమేసింది.

"ఆ గది చూశావా?"

"చూశాను పెద్దత్తయ్యా."

"గడియ ఎటు పెట్టించాడు?"

నాకు అర్థం కాలేదు.

"సరుకు పెట్టే గదికి గొళ్ళెం బయటుంటది. మనిషుండే గదికి గడియ లోపలుంటది. ఎటుంది? చూసింది చూసినట్టు చెప్పు."

నేను కళ్ళు మూసుకుని ఆ తలుపు గుర్తుకు తెచ్చుకున్నాను. "లోపలుంది. లావుపాటి ఇనప గడియ. బయట గొళ్ళెమే లేదు." 

"తాళం వేసుకోవడానికి?"

"బయట ఏమీ లేదు పెద్దత్తయ్యా."

ఆవిడ గోడకి ఆనుకుని అట్లాగే నేలమీదికి జారి కూర్చుంది. కొంగు కళ్ళకడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడవగా నేను చూడ్డం అదొక్కసారే. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. కాసేపటికి ముక్కు చీది, వాకిట్లోకి వినపడేలా కేకేసింది, "మరిదీ! బండి ఉంచావా, పంపేశావా?" 

దూలానికి వేలాడుతున్న మొక్కలు వడిలి, ముడుచుకుని, బతికే ఉన్నాయి. పొడి ఇసకలో నాటి, వేళ్ళు పట్టిందాకా చుక్క పొయ్యలేదు. తర్వాత డబ్బాలన్నీ గది ముందు వరసగా పెట్టుకుంది. రోజూ పొద్దున్నే అర్ఘ్యం పళ్ళెం పట్టుకుని మా మామగారు గది ముందు నిలబడి, "వదినా, పోయనా?" అని అడిగేవారు. ఆవిడ బయటికొచ్చి ఆకు నొక్కి చూసి, "ఇవాళొద్దు" అనేది. ఆయన నిండు పళ్ళెం తొణక్కుండా మెట్లన్నీ దిగి, మూటల మధ్యనుంచి తులసికోట దాకా మోసుకెళ్ళేవారు. ఎప్పుడో ఒకరోజు "ఊఁ, పొయ్యి" అనేది. ఆ రోజు ఆయన మొహం చూడాలి!

అంతమాత్రాన నమ్మిందా? మధ్యాహ్నం కునుకు తీసినా, రాత్రి పడుకున్నా ఆ లావుపాటి గడియ పడాల్సిందే. ఆ చప్పుడు కింద మా పడక గదులదాకా వినిపించేది. "ఇంట్లో మనమే దొంగలమైనట్టు" అని మా అత్తగారు నొచ్చుకునేది. "వేసుకోనీవే, అందుకేగా పెట్టించాను" అనేవారు మామగారు. ఆయనకీ ఆ చప్పుడు గుచ్చుకునేదని నాకు తెలుసు. వినపడినప్పుడల్లా ఆయన మాట్లాడుతున్న మాట కాస్త ఆగేది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఎండాకాలం, ఒకనాటి పొద్దున ఆయన పళ్ళెం పట్టుకుని "వదినా, పోయనా?" అంటే జవాబు లేదు. మళ్ళీ పిలిచారు. మమ్మల్ని కేకేశారు. అందరం పైకి పరిగెత్తాం. ఎంత పిలిచినా పలుకు లేదు. మా ఆయన కిందికెళ్ళి గునపం తెచ్చారు. మామగారు మా అత్తగారి భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. "అంత లావు గడియ ఎందుకు పెట్టించానే! ఇప్పుడు తలుపెట్లా వస్తుందే!"

మా ఆయన తలుపు సందులో గునపం దూర్చడానికి రెక్క మీద చెయ్యి ఆనించారు. తలుపు తెరుచుకుంది. 

గడియ వేసి లేదు.

ఆవిడ తలుపు పక్కనే చాప మీద ఒత్తిగిలి ఉంది. ఒళ్ళు చల్లబడి చాలాసేపైంది. మా అత్తగారు వెళ్ళి పక్కన కూలబడి, "ఓపిక లేక వేసుకోలేకపోయిందో ఏమో పాపం" అంది.

"కాదు" అన్నారు మామగారు. "వేసుకోలేదు."

ఆయన అలా అనుకోవాలనుకుంటున్నారని అందరికీ తెలుసు. నాకు మాత్రం అనుమానం ఊరుకోనివ్వలేదు. తలుపు దగ్గరికెళ్ళి ఆ ఇనప గడియ జరిపి చూశాను. కొత్తగా నూనె పోసి ఉంది. చంటిపిల్ల తోసినా జరిగేటట్టుంది. చాప నుంచి లేవనక్కర్లేదు, కూర్చుని చెయ్యి చాపితే అందుతుంది.

"మామయ్యగారన్నదే నిజం అత్తయ్యా" అన్నాను.

ఆయన గునపం బయట పెట్టెయ్యమని మా ఆయనతో చెప్పి, లోపలికొచ్చి, వదినగారి కాళ్ళ దగ్గర కూర్చున్నారు.